చేతిలో పిల్లతో నేల మీంచి లేవడం

ఫిబ్రవరి 9

ఒరేయ్ బొంగరం,

నీ ఉత్తరం అందింది. ఇళ్ళ సామాన్లు మార్చే కంపెనీలో చేరానని రాశావు. దీనికి ముందు గోడలకి రంగులు, దానికి ముందు బస్సులో టిక్కెట్లు, దానికి ముందు బడి. ఒక్కచోటైనా కుర్చీ వేడెక్కేదాకా కూర్చున్నావట్రా? సరేలే, బీరువాలు మోసేవాడికి కుర్చీతో పనేంటి.

ఇక్కడంతా బాగానే ఉన్నాం అని రాద్దామనే మొదలుపెట్టాను. బాగాలేం.

మొన్న తనిఖీకి ఆఫీసరమ్మ వచ్చింది. మాలాగా పసిపిల్లల్ని పగలు చూసుకునే ఇళ్ళన్నీ ఏడాదికోసారి చూసి వెళ్తారు, నీకు తెలుసుగా. పాల సీసాలు చూసింది, కిటికీ గడియలు చూసింది, మందుల పెట్టె పిల్లలకి అందని ఎత్తులో ఉందో లేదో చూసింది. అన్నీ బాగున్నాయంది. నేను చాప మీద కూర్చుని చీమకి చొక్కా తొడుగుతున్నాను. చీమంటే కొత్తగా చేరిన పిల్ల. ఇంకా ఏడాది నిండలేదు. ఎక్కడ వదిలితే అక్కణ్ణించి పాక్కుంటూ ఇల్లంతా చుట్టేస్తుంది. "అమ్మా, ఆ పాపని తీసుకుని ఒకసారి లేవండి" అంది ఆఫీసరమ్మ.

లేచాను. ఎలా లేచానో విను. పిల్లని చాప మీద పెట్టాను. బల్ల కాలు పట్టుకున్నాను. మోకాలి మీదికి వచ్చి కుర్చీ పట్టుకున్నాను. కుర్చీ వదిలి కిటికీ గట్టు పట్టుకున్నాను. నిలబడి, ఊపిరి తీసుకుని, వంగి పిల్లని తీసుకుందామని చూస్తే అక్కడ పిల్ల లేదు. తలుపు దగ్గరుంది.

ఆవిడ కసరలేదు. కసిరితే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. "ఇంట్లో మీరొక్కరే ఉంటారు కదమ్మా. ఏ మంటో అంటుకుంటే?" అంది మెల్లగా. మే నెల మధ్యలో మళ్ళీ వస్తుందట. అప్పటికి పిల్లని పట్టుకుని, ఇంకేదీ పట్టుకోకుండా నేల మీంచి లేవగలగాలి. లేదంటే ఈ ఇల్లు మూసెయ్యాలి.

ఆవిడ చెప్పింది అన్యాయమైతే వీధంతా వినపడేలా తిట్టేదాన్ని. న్యాయమేరా. పోయిన వారం చీమ ఒక బొత్తాం నోట్లో పెట్టుకుంది. చేతికి అందేంత దూరంలో ఉంది కాబట్టి వేలు పెట్టి లాగేశాను. గదికి అటు చివర ఉండుంటే?

మీ నాన్న "ఇంక చాల్లే అక్కా, మా ఇంటికి వచ్చెయ్" అంటున్నాడు. వచ్చి ఏం చెయ్యాలి? మీ అమ్మ పెంచే మొక్కలకి పేర్లు పెడుతూ కూర్చోనా?

ఫోన్ పెట్టించుకోమని మళ్ళీ రాశావు. అది మోగితే నిద్రపోయే పిల్లలంతా లేచి కూర్చుంటారు. మళ్ళీ పడుకోబెట్టడానికి నువ్వొస్తావా?

వేళకి తిను.

మీ అత్త

*

ఫిబ్రవరి 15

అత్తా,

ఎవరత్తా ఆ ఆఫీసరు? నన్నొక చంకలో, మేడ మీద వాళ్ళబ్బాయిని ఇంకో చంకలో వేసుకుని డాబా మెట్లెక్కేదానివి నువ్వు. అప్పుడెక్కడుందట ఆవిడ?

నువ్వేం బెంగపెట్టుకోకు. దీంతో పాటు ఒక పార్సిల్ పంపుతున్నా. చేతికర్ర. మామూలుది కాదు, కింద రబ్బరు బుడిపె, పైన చేతికి సరిపోయే వంపు. మేం ఒక ఇల్లు ఖాళీ చేస్తుంటే ఇంటాయన పారేయబోయాడు, నేను అడిగి తీసుకున్నా. ఇంకోటి, రోజూ పొద్దున్నే నడువు. నడిస్తే ఏ రోగమైనా పారిపోతుందని మా లారీ డ్రైవరన్న చెప్పాడు. ఆయన పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా సీటు దిగడు. ఆయనకెలా తెలుసో మరి.

ఇక్కడ నా పని బ్రహ్మాండంగా ఉంది. నిన్న మూడో అంతస్తు నుంచి నిలువుటద్దం బీరువా దింపాం. మెట్ల మలుపులో ఇరుక్కుంది. పైన మా మేస్త్రీ, కింద నేను. "వదలకురా" అని ఆయన. "వదిలితే మీరు బతుకుతారు, నేను కదా పోయేది" అని నేను. పైనుంచి ఆ ఇంటావిడ "అద్దం! అద్దం!" అని ఒకటే అరుపు. బీరువా కింద ఒక మనిషి ఉన్నాడని ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేదు.

కర్ర బాగుందో లేదో రాయి.

నీ బొంగరం

*

ఫిబ్రవరి 22

ఒరేయ్,

కర్ర బాగుంది. తాళంకప్ప దాన్ని గుర్రం చేసుకున్నాడు. చేరిన రోజు నుంచి నోరు విప్పని పిల్లాడు, దాన్ని రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని "హై హై" అన్నాడు. వాళ్ళమ్మ ఏడ్చినంత పని చేసింది. కాబట్టి నీ పార్సిల్ వృథా పోలేదు.

నా సంగతికొస్తే, ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో పిల్ల. పాల సీసా ఎక్కడ పెట్టుకోను, నెత్తి మీదా? ఆఫీసరమ్మ ఏదీ పట్టుకోకుండా లేవమంది. నువ్వు పట్టుకోవడానికి ఇంకోటి పంపావు. ఉత్తరం చివరిదాకా చదివే అలవాటు నీకు బళ్ళోనే అబ్బలేదు.

ఇక నడక. పొద్దున తలుపు తీసినప్పటి నుంచి ఆఖరి పిల్ల ఇంటికి వెళ్ళేదాకా నేను నడుస్తూనే ఉంటాను. వంటింట్లోకి, స్నానాల గదిలోకి, ఏడిచేవాడి దగ్గరికి, ఏడిపించినవాడి దగ్గరికి. నడక నాకు వచ్చు. కూర్చున్నాక లేవడం రావట్లేదు.

కోపం లేదు. ఏదో ఒకటి చెయ్యాలని చూశావు. అంతే.

మీ అత్త

*

మార్చి 4

అత్తా,

తప్పయింది. నడక గురించి నేను చెప్పింది తప్పని నాకు ఎక్కడ తెలిసిందో విను.

మొన్న ఒక హాలుకి కుర్చీలు దింపే పని పడింది. లోపలికెళ్తే అంతా నీ వయసు వాళ్ళే. ఒకాయన గోడకి ఆనుకోకుండా ఒంటికాలి మీద నిలబడి మేజోడు తొడుక్కుంటున్నాడు. ఒకావిడ పెట్టెని పైఅరలో పెడుతోంది, దింపుతోంది, మళ్ళీ పెడుతోంది. ఇంకొకాయన నిండు బకెట్టు పట్టుకుని నీళ్ళు ఒలక్కుండా గది ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తున్నాడు. నాటకం ప్రాక్టీసేమో అనుకుని నవ్వాను. అక్కడొక టీచరమ్మ ఉంది. "నవ్వేవాళ్ళు లోపలికొచ్చి నవ్వొచ్చు" అంది.

పొట్టి స్టూలు మీద కూర్చోబెట్టి, చేతులు గుండెకి కట్టుకుని లేవమంది. ఆపమనేదాకా లేవాలి, కూర్చోవాలి. నా పక్కన రైల్లో గార్డుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన. "బాబూ, కొత్తగదా, మెల్లగా" అన్నాడు. నాకు రోషమొచ్చింది. మర్నాడు నా తొడలు నావి కావు. మెట్లెక్కలేక కూలబడితే మా మేస్త్రీ "దీన్ని కూడా కట్టి మోయమంటారా?" అని అడిగాడు.

ఆ టీచరమ్మ కొత్తవాళ్ళందర్నీ ముందు ఒకటే అడుగుతుందట: "ఇంట్లో మీకు ఏ పని కష్టంగా ఉంది?" ఆ పనే ముక్కలు చేసి నేర్పిస్తుంది. ఆ పెట్టె ఆవిడకి రైల్లో ఎవర్నీ బతిమాలకుండా సామాను పైన పెట్టుకోవాలని ఉందట. నేను నీ గురించి చెప్పా. "నడక మంచిదే, మానొద్దనండి. కానీ లేవడం రావాలంటే లేవడమే చెయ్యాలి. డెబ్భై దాటినా కండ పెరుగుతుంది, పని చెప్పాలంతే" అంది. ముందు డాక్టరుకి మోకాలు చూపించుకోవాలట. అది చెప్పకుండా ఇంకేమీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుంది.

తర్వాత ఇవి. కుర్చీని గోడకి ఆనించి పెట్టు. ముందు అంచు మీద కూర్చుని, పాదాలు నేలకి ఆనించి, ముక్కు ముందుకి వంచి, చేతులు వాడకుండా లే. రెండోది, వంటింటి గట్టు పక్కన ఒంటికాలి మీద నిలబడు, తూలితే పట్టుకోవచ్చు. మూడోది, రెండు చేతుల్లో రెండు బరువైన సంచులతో నిటారుగా నడువు. అన్నీ బొమ్మలు గీసి పెట్టా. బాణాలు చూసి చెయ్యి.

నీ బొంగరం

*

మార్చి 17

ఒరేయ్ బొంగరం,

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మోకీలు అరిగిన మాట నిజమేనట. చుట్టూ ఉన్న కండ గట్టిపడితే మోకీలు మీద భారం తగ్గుతుందట. చెయ్యండి, పొడిచినట్టు నొప్పొస్తే ఆపండి అన్నాడు. నీ బొమ్మలు కూడా చూపించాను. "ఇది దోమా?" అని అడిగాడు. మనిషేనండీ, మా మేనల్లుడు గీశాడు అని చెప్పాను.

దోమని గోడకి అంటించాను. దాన్ని చూసి సైరన్ ఏడుస్తున్నాడు. కొత్తేం కాదులే, వాడు గోడని చూసినా ఏడుస్తాడు, అందుకే ఆ పేరు. బాణం కిందికి ఉంది కాబట్టి, కుర్చీ పట్టుకుని లేచి, చేతులు కట్టుకుని మెల్లగా కిందికి దిగుతున్నాను. ఎంత మెల్లగా అంటే కుర్చీలో ఎవరో నిద్రపోతున్నట్టు, వాళ్ళ ఒళ్ళో కూర్చోబోతున్నట్టు. రెండు రోజులు తొడలు భగ్గుమన్నాయి. నిన్ను తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టడం మానేశాను.

పిల్లలంతా నా వెనక వరసగా చేస్తున్నారు. తాళంకప్ప ఇంట్లో అన్నం బల్ల దగ్గర కూడా అంత మెల్లగానే కూర్చుంటున్నాడట. వాడు కూర్చునేలోపు అందరి భోజనాలు అయిపోతున్నాయని వాళ్ళ నాన్న వచ్చి మొత్తుకున్నాడు.

ఒక సంగతి చెప్తాను, నవ్వకు. నిన్న తడిబట్టల బకెట్టు తీసుకుని డాబా మీదికి వెళ్ళాను. ఆరేసి కిందికొచ్చాక గుర్తొచ్చింది, మధ్యలో ఆగలేదని. ఎప్పుడూ మలుపు దగ్గర బకెట్టు దించి, గోడ మీద బీటల్ని లెక్కపెడుతున్నట్టు కాసేపు నటించి, అప్పుడు ఎక్కేదాన్ని. ఎవరైనా చూస్తే ఆయాసమని అనుకోకుండా. నిన్న బీటలు గుర్తే లేవు.

రాత్రిళ్ళు నిద్ర కూడా బాగా పడుతోంది.

మీ అత్త

*

మార్చి 27

అత్తా,

బాణం పైకి వేశానత్తా! పైకి! కాగితం తలకిందులుగా అంటించావా? దోమ తల ఎటుందో చూడు ముందు!

నవ్వుకుంటూ వెళ్ళి టీచరమ్మకి చెప్పా. ఆవిడ నవ్వలేదు. మెల్లగా కిందికి దిగడమే ఎక్కువ కష్టమట, అసలు బలం అక్కడే వస్తుందట. "మీ బొమ్మ కన్నా మీ అత్తగారి పొరపాటే బాగుంది" అంది. గార్డు తాతగారు చప్పట్లు కొట్టాడు. ఈ హాలులో నా పరువు ఇదీ.

కాబట్టి దిగేది మానకు. లేచేటప్పుడు కూడా చేతులు తీసెయ్, అంతే. ఇక నేల సంగతి. ఒకేసారి నిలువునా లేవాలని చూడకు. పక్కకి తిరుగు, మోకాళ్ళూ అరచేతుల మీదికి రా, ఒక పాదం ముందుకి తెచ్చి నేలకి ఆనించు, ఆ తొడ మీద చెయ్యి నొక్కి లే. పక్కన కుర్చీ ఉంచుకో, మెల్లగా దాన్ని దూరం జరుపుకుంటూ పో. ఖాళీ చేతులతోనే సుమా. పిల్లతో మాత్రం వద్దు. నేను చెప్పేదాకా వద్దే వద్దు. టీచరమ్మ మరీ మరీ చెప్పమంది.

ఇంకోటి, నేను ఈ గది ఖాళీ చేసేస్తున్నా. నేను ఈల వేస్తుంటే ఇంటాయనకి తలనొప్పట. ఆయన దగ్గుతుంటే నేనేమైనా అన్నానా? కొత్త చోటు దొరకగానే రాస్తా.

నీ బొంగరం

*

ఏప్రిల్ 6

ఒరేయ్,

కొత్త అడ్రసు ఇంకా రాలేదు, పాతదానికే రాస్తున్నాను. నీ వెనకాలే పరిగెత్తి పట్టుకుంటుందిలే ఈ ఉత్తరం.

నువ్వు రాసిన నేల పాఠం ఈ ఇంట్లో నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఉన్నారు. చీమ ఈ మధ్యే లేచి నిలబడుతోంది. ముందు బోర్లా పడుతుంది, అరచేతులు ఆనిస్తుంది, పిర్రలు పైకి లేపుతుంది, ఒక పాదం పెడుతుంది, ఊగుతుంది, దబ్బున కూలబడుతుంది. చుట్టూ చూస్తుంది, ఎవరైనా నవ్వుతున్నారా అని కాదు, ఈసారి ఎటు తిరిగి లేద్దామా అని. ఇన్నేళ్ళూ ఎంతమంది పిల్లలు నా కళ్ళ ముందు లేచి నిలబడ్డారో. ఒక్కసారి కూడా వాళ్ళ కాళ్ళ వైపు చూడలేదు, మొహాలే చూశాను. ఇప్పుడు చాప మీద దాని పక్కనే నేనూ చేతులు ఆనించి మొదలుపెడుతున్నాను. ఇద్దరం కూలబడతాం. అది నన్ను చూసి నవ్వుతుంది.

నిన్న లేచానురా. కుర్చీ ముట్టుకోలేదు.

ఇక పిల్లతో వద్దన్నావు కదా, నాకూ భయమే. అందుకని పాత పరుపు గుడ్డతో గట్టి సంచి కుట్టాను. దాన్ని కూరగాయల కొట్టుకి తీసుకెళ్ళి, తక్కెడలో చీమంత తూగేదాకా ఇసుక పోయించాను. సైరన్‌కి పొట్టయిపోయిన గౌను తొడిగాను. కళ్ళు పెట్టలేదు, బొత్తాలంటే నాకిప్పుడు దడ. మొహం లేకపోయినా గోడకి ఆనిస్తే భలే దర్జాగా కూర్చుంటుంది. మహారాణి అని పేరు పెట్టాను. ఈ ఇంట్లో పేరు లేకుండా ఎవరూ ఉండకూడదు. రేపటి నుంచి మహారాణితో ప్రాక్టీసు.

మీ అత్త

*

ఏప్రిల్ 9

అత్తా,

కొత్త గది దొరికింది, అడ్రసు వెనక రాశా. బేకరీ పైన. పొద్దున్నే వాసనకే సగం కడుపు నిండుతుంది. ఈల వేసుకోవచ్చు, కింద మిషన్ల హోరులో ఎవరికీ వినపడదు.

సాయంత్రాలు ఆ హాలుకి వెళ్తున్నా. కుర్చీలు వేసి, తీసి పెడతా. ఊరికే కూర్చోలేక, నీకు తెలుసుగా. మొన్న పెట్టె ఆవిడ నిజంగానే రైలెక్కి చెల్లెలి దగ్గరికి వెళ్ళొచ్చింది. పెట్టె తనే పైన పెట్టుకుందట. పక్కసీటు కుర్రాడు తన పెట్టె పెట్టలేక తంటాలు పడుతుంటే అదీ ఈవిడే పెట్టిందట. ఎంత గర్వంగా చెప్పిందో.

నేల మీంచి లేవడం ఎంతవరకు వచ్చింది? ఉత్తరం రాక చాలా రోజులైంది.

నీ బొంగరం

*

ఏప్రిల్ 18

ఒరేయ్ బొంగరం,

ఖాళీ చేతులతో ఇప్పుడు బాగానే లేస్తున్నాను. కానీ మహారాణితో నా తల ప్రాణం తోకకొస్తోంది. నిన్న సగం లేచాక చెయ్యి తడబడింది. జారి తలకిందులుగా నేల మీద పడింది. కిక్కురుమనలేదు. ఎత్తి, దులిపి, మళ్ళీ చంకలో పెట్టుకున్నాను. మళ్ళీ జారింది. సాయంత్రానికి పక్కన కాస్త చిట్లింది కూడా. సూదీ దారం తీసుకుని నేనే కుట్టేశాను.

ఎదురుగా ఇస్త్రీ కొట్టు ఆయన కిటికీలోంచి అంతా చూసి నోరెళ్ళబెట్టాడు. మీ ఆవిడకి చెప్పకండి, నవ్వుతుంది అన్నాను.

తప్పెక్కడుందో కనిపెట్టాను. దూరంగా పట్టుకుంటున్నాను. ఒంటికి అదిమి పట్టుకుంటే బరువు సగమైనట్టుంటుంది. నువ్వు బీరువాని అలాగే పట్టుకుంటావేమో కదా, రాయి. ఆఫీసరమ్మ వచ్చేలోపు నేర్చేసుకుంటాను, ఎన్నిసార్లు పడినా సరే.

సైరన్‌కి పన్ను వస్తోంది. ఇల్లంతా మోగుతోంది.

మీ అత్త

*

ఏప్రిల్ 24

అత్తా,

ఇది రాయడానికి చెయ్యి రావట్లేదు. నువ్వు నన్ను పెంచావు. అందుకే రాయాలి.

పిల్లతో వద్దని రాశాను కదా? నేను చెప్పేదాకా వద్దే వద్దని రాశాను కదా? ఎవరి పిల్ల అది? ఎప్పుడు చేరింది? తలకిందులుగా పడిందని ఎంత తేలిగ్గా రాశావు! ఏడవలేదంటే బాగున్నట్టు కాదత్తా, ఏడవకపోతేనే భయపడాలి, ఆ మాట నువ్వే నాకు చెప్పావు. పైగా మళ్ళీ ఎత్తుకున్నావా? సూదీ దారమా? ఊళ్ళో డాక్టర్లు లేరా? వాళ్ళమ్మకి ఏమని చెప్పావు? ఇస్త్రీ ఆయన్ని నోరు మూసుకోమన్నావా?

ఇల్లు మూసేస్తారన్న భయంతో నువ్వు నువ్వు కాకుండా పోయావు. అది నాకు అర్థమవుతుంది. కానీ ఆ పిల్లకి అర్థం కాదుగా.

ఆఫీసరమ్మకి ఉత్తరం రాశా. వెంటనే వెళ్ళి ఆ పిల్లని చూడమన్నా. నిన్నేమీ అనొద్దని కూడా రాశా. నన్ను క్షమించకపోయినా ఫర్వాలేదు.

బొంగరం

*

ఏప్రిల్ 28

అత్తా! అత్తా!

ఇసుకా??

పాతింటాయన ఇప్పుడే వచ్చి నీ ఏప్రిల్ ఆరు ఉత్తరం ఇచ్చి వెళ్ళాడు. నా కొత్త చోటు కనుక్కోలేక ఇన్నాళ్ళూ జేబులో పెట్టుకుని తిరిగాడట. చదివి మెట్ల మీదే కూలబడ్డా. మహారాణి సంచీ! దానికి తల కూడా లేదు!

పోస్టాఫీసుకి పరిగెత్తా. నా ఉత్తరం నాకిచ్చెయ్యండి అన్నా. డబ్బాలో పడ్డాక అది నీది కాదు బాబూ అన్నాడు అక్కడి గుమాస్తా. అప్పటికే వెళ్ళిపోయి ఉంటుందన్నాడు. అక్కడే నిలబడి ఆవిడకి ఇంకో ఉత్తరం రాశా: "అమ్మా, మా అత్త పడేసింది పిల్లని కాదు, గౌను తొడిగిన ఇసుకని. అది బాగానే ఉంది." చదువుకుంటే మొదటిదాని కన్నా ఇదే పిచ్చిగా ఉంది. అయినా వేసేశా.

ఆవిడ ముందే వచ్చేస్తే ఎలా? నువ్వు ఇంకా తయారు కాలేదు కదా? నా మూలంగా నీ ఇల్లు పోతే నేనేం చెయ్యాలి? బుధవారం సెలవు పెట్టి వచ్చెయ్యనా? వెంటనే రాయి. తిట్టు, కొట్టు, ఏదైనా చెయ్యి, కానీ రాయి.

బొంగరం

*

మే 2

ఒరేయ్ బొంగరం,

పరిగెత్తుకు రావక్కర్లేదు. ఉన్నచోట కూర్చుని చదువు. ఈసారైనా చివరిదాకా.

ఆఫీసరమ్మ మొన్న పొద్దున వచ్చింది. నేను చాప మీద ఉన్నాను, సైరన్‌ని ఒళ్ళో పడుకోబెట్టుకుని పాలు పడుతున్నాను. తలుపు తట్టింది, నేను రమ్మనేలోపే లోపలికి వచ్చేసింది. మొహం తెల్లగా పాలిపోయింది. చేతిలో నీ మొదటి ఉత్తరం. "మహారాణి ఎక్కడ?" అంది.

అదిగో అని గోడ వైపు చూపించాను.

ఆవిడ దాని దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. వేలితో పొడిచి చూసింది. రెండు చేతులా ఎత్తుకుంది. "ఇదేంటి?" అంది. "ఇసుకండీ" అన్నాను. ఆవిడ నా వైపు, నేను ఆవిడ వైపు. ఆ కంగారులో ఆవిడ వీధి తలుపు వెయ్యలేదన్న సంగతి ఇద్దరం చూసుకోలేదు.

చూసుకున్నది చీమ. పోయిన వారం నుంచి అడుగులేస్తోంది. నేను తల తిప్పేసరికి గడప మీద నిలబడి ఉంది. గడప అవతల మెట్లు, మెట్ల కింద వీధి. మెట్లంటే దానికి ఇంకా తెలీదు. ఒక కాలు గాల్లో ఉంది.

తర్వాత ఏం చేశానో రాయమంటే రాయలేను, ఎందుకంటే నాకే తెలీదు. ముక్కు ముందుకి వంచానో లేదో, ఏ పాదం ముందు పెట్టానో, ఏమో. తెలివొచ్చేసరికి గడప దగ్గరున్నాను. ఎడమ చేత్తో సైరన్‌ని రొమ్ముకి అదిమి పట్టుకుని ఉన్నాను. కుడి చెయ్యి చీమ గౌను వెనకాల పిడికిట్లో ఉంది. దాన్ని కూడా ఎత్తి ఇటు చంకలో వేసుకున్నాను. లోపల చాప మీద పాల సీసా దొర్లుతోంది. నేను లేచానన్న సంగతి ఆ సీసాని చూశాక తెలిసింది.

వెనక్కి తిరిగితే ఆఫీసరమ్మ మహారాణిని ఎత్తుకుని అలాగే నిలబడి ఉంది. ముందు వెళ్ళి తలుపు వేసింది. గడియ పెట్టింది. తర్వాత పిల్లల పొట్టి కుర్చీలో కూర్చుండిపోయింది. "తప్పు నాదేనమ్మా" అంది. మంచినీళ్ళు ఇచ్చాను.

తాగాక "రూలు ప్రకారం నేను చూడాలి కదా, మళ్ళీ ఒకసారి చేస్తారా?" అంది. నవ్వుతున్నట్టే ఉంది, ఏడుస్తున్నట్టే ఉంది. మళ్ళీ కూర్చున్నాను. చీమని పట్టుకుని లేచాను. ఈసారి తెలిసి లేచాను కాబట్టి మోకాలు పటపటమంది, ఊపిరి బరువెక్కింది, చివర్లో కొంచెం ఊగాను. కానీ ఏమీ పట్టుకోలేదు. పిల్ల జారలేదు.

ఇల్లు మూయక్కర్లేదు. ఉన్న ఐదుగురికి మించి చేర్చుకోకూడదంది. మధ్యాహ్నం పూట ఇంకొకరు తోడుండాలంది. ఇస్త్రీ ఆయన భార్య వస్తానంది, ఎలాగూ కిటికీలోంచి చూస్తూనే ఉంటుంది, లోపలికొచ్చి చూస్తుంది. వచ్చే ఏడాది మళ్ళీ లేచి చూపించాలట. చూపిస్తాను. ఆ పైఏడాది సంగతి నాకు తెలీదు. చలికి పొద్దున్నే మోకాలు ఇప్పటికీ మొరాయిస్తుంది. కానీ రోజూ చెయ్యడం మాత్రం మానను.

వెళ్ళేటప్పుడు నీ ఉత్తరం నా చేతికిచ్చింది. రెండోది అప్పటికి ఆవిడకి అందినట్టు లేదు. నువ్వు నాకు రాసిన రెండు ఉత్తరాలూ ఆవిడ వెళ్ళాకే వచ్చాయి, ఇసుక గురించి రాశావని అప్పుడే నాకూ తెలిసింది. అది చదివి ఆవిడ ఏమనుకుంటుందో ఏమో.

మొదటి ఉత్తరం చదివి బాధపడ్డానురా. అబద్ధం చెప్పను. ఒక పూటంతా నీతో మాట్లాడకూడదనుకున్నాను. నువ్వు ఇక్కడ లేవు కాబట్టి అది నీకు తెలిసే అవకాశం లేదు. సాయంత్రం పిల్లలంతా వెళ్ళాక మళ్ళీ చదివాను. "మా అత్త నాకు అమ్మ కన్నా ఎక్కువ. అయినా ముందు ఆ పిల్లని చూడండి" అని రాశావు. నేనంటే నీకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. అయినా మొహం ఎలా ఉంటుందో కూడా తెలియని పిల్ల పక్కన నిలబడ్డావు. ఈ ఇంట్లో పెరిగినవాడు అలాగే చెయ్యాలి. వేరేలా చేసుంటే అప్పుడు నీతో నిజంగానే మాట్లాడేదాన్ని కాదు.

టీచరమ్మకి నా నమస్కారాలు చెప్పు. గార్డుగారికి కూడా.

ఇంకా రాద్దామనుకున్నాను. చీమ నా వేలు పట్టుకుని లాగుతోంది, తనతో ఆడుకోవాలట. ఉంటాను. కింద కూర్చోవాలి.

మీ అత్త